దక్షిణం చేనులో యాభై ఐదుమంది

ఎవరూ లేని చోట యాభై ఐదుమందిని కాపురం పెట్టించి, పైగా వాళ్ళ మీద నివేదిక రాసి సంతకం చేసిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. కానీ ఆ మధ్యాహ్నం నేను నిలబడ్డ చోట మీరు నిలబడి ఉంటే మాత్రం నవ్వేవాళ్ళు కాదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. కర్నూలు భూగర్భజలాల ఆఫీసులో నాకొక సాఫ్ట్‌వేర్ అప్పగించారు. ఊరి పటం మీద ప్రతి సెప్టిక్ ట్యాంకుకూ ఒక చుక్క పెట్టి, దాన్ని ఎంతమంది వాడతారో చెప్పాలి. ట్యాంకుల్లోంచి భూమిలోకి దిగే నీళ్ళలో నైట్రేట్ అనే ఉప్పు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. అది ఏ వైపుకు పాకి ఎవరి బోరును చేరుతుందో సాఫ్ట్‌వేర్ ఎర్రటి నాలుకలాగా గీసి చూపిస్తుంది. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, డబ్బాపాలు తాగే పసిబిడ్డలకు ఆ నీళ్ళు ప్రాణం మీదికి తెస్తాయి.

చుక్కలు పెట్టడానికి ఊరంతా కాలినడకన తిరగాలన్నది నియమం. అది మే నెల, మనది సీమ. మీరే చెప్పండి. నేను ఫ్యాను కింద కూర్చుని ఉపగ్రహం తీసిన ఫోటోలో నలుచదరపు సిమెంటు మూత కనిపించిన ప్రతిచోటా చుక్క పెట్టేశాను. 'ఎంతమంది?' అన్న గడిలో సాఫ్ట్‌వేరే ముందుగా 'ఐదు' అని వేసి ఉంచింది. దాన్ని కాదనడానికి నేనెవణ్ణి?

పటం పట్టుకుని కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెకు వెళ్ళాను. శేషిరెడ్డి అనే రైతు, "లాడ్జిలో ఉంటావా, మా ఊరికి నామోషీ కాదా?" అని నన్ను తన ఇంట్లోనే దించుకున్నాడు. ఇంట్లో ఆయన భార్య లక్ష్మక్క, ముసలితల్లి అవ్వ, కాన్పుకు వచ్చిన కూతురు సుజాత, మూడు నెలల మనవడు. సుజాతకు పాలు చాలక, పెరట్లో బోరు నీళ్ళు కాచి డబ్బాపాలు కలిపేవాళ్ళు.

రెండు రోజులు వాళ్ళింటి మజ్జిగ తాగుతూ, వాళ్ళ అరుగు మీద కూర్చుని 'క్షేత్ర పరిశీలన' చేశాను. మూడో రోజు శేషిరెడ్డిని పిలిచి పటం పరిచాను. నేనూ సీమవాణ్ణే, మాది కడప జిల్లా, అయినా మెడలో ఆఫీసు కార్డు ఉంది కాబట్టి పుస్తకాల తెలుగు మాట్లాడాను.

"రెడ్డిగారూ, ఊరికి దక్షిణాన చేనులో పదకొండు కుటుంబాలు నివసిస్తున్నాయి."

"ఆ పక్క ఎవురూ లేరే సార్."

"ఉన్నారు. కంప్యూటర్ చూపిస్తోంది."

ఆయన కళ్ళు చిట్లించి చుక్కలు లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి ఒక్కో చుక్క మీదా వేలు ఆనించి లెక్కపెట్టాడు. "పదకొండు. లెక్క సరిగ్గానే ఉండాది" అన్నాడు నీరసంగా.

"మొత్తం యాభై ఐదుమంది. చాలా ఏళ్ళుగా ఉంటున్నారు."

"ఏం జేస్తాండారు?"

"వాళ్ళ దగ్గరి నీళ్ళు భూమి కిందనుంచి మీ ఇంటివైపు వస్తున్నాయి. ఈ ఎర్రటిది చూడండి. నేరుగా మీ పెరట్లో బోరు దగ్గరికి."

లోపల బిడ్డ ఏడుపు అందుకున్నాడు. శేషిరెడ్డి తలుపు వైపు చూసి, "మా ఇంటికేనా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. నా నివేదిక అంత పదునుగా ఉందని నేను పొంగిపోయాను.

మిట్టమధ్యాహ్నం ఇద్దరం చేనికి పోయాం. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. కాకి కూడా లేదు. వడగాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినబడుతోంది. ఫోను చూసుకుంటూ నడిచి, మూడో నంబరు చుక్క దగ్గర ఒక సిమెంటు దిమ్మె ఎక్కాను. ట్యాంకు ఉంది, ఇల్లు లేదు. ఎటు చూసినా ట్యాంకులే, ఒక్క గోడ లేదు.

"ఎవరండీ ఇక్కడ?" అని కేకేశాను.

దిమ్మె పక్కన విస్తరాకులో అన్నం ఉంది. గ్లాసులో సగం నీళ్ళు, పక్కనే బీడీకట్ట, అగ్గిపెట్టె. ఆ ఎండలో గ్లాసులో నీళ్ళు ఇంకా ఆవిరైపోలేదు.

"చూశారా! ఇప్పుడే తిని లేచిపోయాడు మనిషి" అన్నాను. అంటూనే దిమ్మె మీద చుట్టూ తిరిగి చూశాను.

శేషిరెడ్డి దూరంగా చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. "దిగప్పా" అన్నాడు మెల్లగా.

"ఎందుకు?"

"మా నాయన మింద నిలబడినావు."

మాట మెదడుకు చేరేలోపే కాళ్ళు కిందికి దూకాయి. పుస్తకాల తెలుగు అక్కడే రాలిపోయింది. "మామా, ఇయ్యన్నీ..."

"సమాదులు. పొద్దున అమాస అని మా యమ్మ వచ్చి నాయనకు బువ్వ పెట్టిపోయింది. అది మా తాత. ఇది మా తాత చెల్లెలు, పాపం బిడ్డలు సచ్చిపోయి ఒంటిగా బతికిన మనిషి. ఆమెనూ ఐదుమందిని జేస్తివి."

సొంత చేను ఉన్నవాళ్ళు పెద్దలను అందులోనే పూడ్చి దిమ్మె కట్టడం నాకు తెలియనిదా? కమలాపురం దగ్గర మా తాత మా చేనులోనే ఉన్నాడు. ఏటా వెళ్ళి మొక్కి వస్తాను. కాకపోతే ఆయన్ని ఎప్పుడూ పైనుంచి చూడలేదు.

ఇంటికొచ్చి చెంపలేసుకుంటే అవ్వ పగలబడి నవ్వింది. "మా ఆయప్ప బతికినన్నాళ్ళు లెట్రీను మొగం సూడలేదు నాయనా. చెంబు తీస్కోని సేన్లోకే పాయ. సచ్చినాంక కట్టించుకున్న్యాడా?"

అందరూ నవ్వారు, శేషిరెడ్డి తప్ప. పోయిన పరువు కొంచెమైనా దక్కించుకోవాలని, బోరు నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని చూపిస్తానన్నాను. సంచిలోంచి నైట్రేట్ పరీక్ష పట్టీ తీసి నీళ్ళలో ముంచాను. తెల్లగా ఉండాల్సిన పట్టీ మెల్లమెల్లగా గులాబీ రంగుకు తిరిగి, మా కళ్ళముందే చిక్కబడింది. ఇంకో పట్టీ ముంచాను. అదీ అంతే. పటంలో నుంచి యాభై ఐదుమందినీ చెరిపేశాను, ఎరుపు మాత్రం నా చేతిలోనే ఉంది. నాకు నిజంగా భయమేసింది.

సుజాత పాలసీసాలో నీళ్ళు పోస్తోంది. "అమ్మా, పొయ్యొద్దు!" అని అరిచాను. సీసా ఆమె చేతిలోంచి జారిపడింది.

"మామా, మీ లెట్రీను ట్యాంకు యాడ?"

"ట్యాంకు ఎందుకప్పా? మా నాయన ఏపిచ్చిన పాత బోరుండాది గదా, నీళ్ళు పడకుండా పాయ. పైపు దాంట్లోకి ఇడ్సినా. ఎన్నేండ్లయినా నిండదు."

ఆ ఎండిన బోరు కొత్త బోరుకు పది అడుగుల దూరంలో ఉంది. పైన చిన్న రేకు మూత. ఆకాశంలోంచి కనిపించదు. ఊరంతా చుక్కలు పెట్టిన నాకు అసలు చుక్క ఒక్కటే తప్పిపోయింది.

శేషిరెడ్డి అక్కడే కూలబడ్డాడు. "నీళ్ళకని నాయన తోడిచ్చిన బోరప్పా అది. దాంట్లోకి ఇట్లా ఇడ్సినాను. అందుకే నీ కంప్యూటర్లోకి వచ్చి చెప్పినాడు." చేని నుంచి ఇంటివైపుకు నేల వాలుగా ఉంది కాబట్టే ఎరుపు అటు పాకింది, అంతకు మించి ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ మాట ఆయనతో అనడానికి నోరు రాలేదు.

ఆ పూటనుంచే బిడ్డకు మంచినీళ్ళ క్యాన్లు తెప్పించారు. పైపు మూసేసి, దూరంగా వాలు కింద సరైన ట్యాంకు కట్టించారు. బిడ్డ క్షేమం. ఇప్పుడు బడికి పోతున్నాడు.

ఆ సాయంత్రం ఆ రేకు మూత మీద చుక్క పెట్టి, మొదటిసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని జనాన్ని లెక్కపెట్టాను. లెట్రీను వాడేవాళ్ళు శేషిరెడ్డి, లక్ష్మక్క, అవ్వ, సుజాత. బిడ్డ ఇంకా గుడ్డల్లోనే. నలుగురే. సాఫ్ట్‌వేర్ ఐదు అంటోంది. అది తప్పని దిద్దబోతుంటే, "మూడు దినాలుగా పొద్దున్నే నువ్వు యాడికి పోతాండావు నాయనా?" అని అవ్వ అడిగింది. ఆ గడిలో ఐదును అలాగే ఉంచాను.

కాబట్టి మా తాత సమాధి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊరి పటంలోనైనా నడిచి చూడనిదే చుక్క పెట్టను, చెప్పులు విడవనిదే దిమ్మె ఎక్కను, మొదటి చుక్క మాత్రం ఆ పొద్దున నేను కూర్చుని వచ్చిన చోటే పెడతాను.