కమిటీకి మా చెల్లి రాసిన ప్రార్థన

మా చెల్లికి సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. రామచంద్రపురం దగ్గర మా పల్లె నుంచి ఒక ఆటో, రెండు బస్సులు మారితే రాజమండ్రిలో ఆసుపత్రి. నాలుగు గంటలు మెషీన్ మీద పడుకుని, మళ్లీ అవే రెండు బస్సులు, అదే ఆటో. తిరుగు ప్రయాణంలో ఆమెకు సీటివ్వమని నేను ఎవరితోనో ఒకరితో గొడవ పడని రోజు లేదు. చూడ్డానికి శుభ్రంగా, ఇస్త్రీ చీరలో ఉంటుంది కాబట్టి జబ్బు మనిషంటే ఎవరూ నమ్మరు.

ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. నేను మండలాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక ఆమె నా దగ్గరే ఉంటోంది. బస్సులో నాకు పనేం లేక పేపరు అక్షరం వదలకుండా చదువుతుంటాను. అలా ఒక రోజు కనిపించింది ప్రకటన. పార్లమెంటులో ప్రజారోగ్యం మీద ఒక బిల్లు ఉందట, దాన్ని పరిశీలిస్తున్న కమిటీకి పౌరులు అర్జీలు పెట్టుకోవచ్చట. చదివి వినిపించాను.

"అయితే మనం కూడా పెడదాం అన్నయ్యా," అంది చెల్లి. "మెషీన్ అనేది మనిషికి ఒక్క బస్సు దూరంలో ఉండాలని ఆ బిల్లులో రాయమందాం. రెండో బస్సే నన్ను చంపేస్తోంది."

నాకు నచ్చింది. ముప్పై ఏళ్లు ఊరందరి అర్జీలూ చదివినవాణ్ణి, మంచి అర్జీ అంటే ఏంటో నాకు తెలుసు. ఏం కావాలో ఒక్క ముక్కలో ఉండాలి. చెల్లి అడిగినదాంట్లో అది ఉంది. ఆసుపత్రి కాగితాలు జతచేసి మూడు పేజీలు తయారు చేశాను. పార్లమెంటుకు వెళ్లే అర్జీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలన్నారు. తెలుగులో రాస్తే పక్కన తర్జుమా పెట్టాలి. కిందామీదా పడి అదీ చేశాను.

ఎంపీ గారి ఆఫీసులో ఒక అసిస్టెంటు ఉన్నాడు. మాట్లాడితే వెన్న కరగాలి. పని మాత్రం కదలదు. ఇద్దరం వెళితే కుర్చీలు వేయించి, టీ తెప్పించి, ఫారం ఒకటి చేతికిచ్చాడు. ఆధార్ జిరాక్సు తక్కువైందంటే నేను కిందికి పరిగెత్తాను. కరెంటు పోయి ఆ జిరాక్సు షాపులో అరగంట నిలబడ్డాను. పైకి వచ్చేసరికి కవరు అంటించేసి ఉంది.

"అన్నీ చూశారా అండి?" అన్నాను.

"ఆయ్, చూశామండి. అమ్మగారు ప్రేయర్ కూడా చాలా బాగా రాశారండి. దాని ఇంగ్లీషు నేనే ఫోన్లో కొట్టి పెట్టేశాను. ఆ ఆధార్ ఇలా ఇవ్వండి, పైన పిన్ను కొడతాను."

అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు.

నాలుగు నెలలకు కవరు తిరిగొచ్చింది. పైన ఒక ఇంగ్లీషు కాగితం. అర్జీలోని ప్రార్థన సభను ఉద్దేశించి లేదని, వేరొక అధికారిని ఉద్దేశించి ఉందని, సరిచేసి పంపవలసిందని దాని సారాంశం. ఎవరా వేరొక అధికారి అని ఫారం చివరి పేజీ తిప్పాను. అడుగున 'ప్రేయర్' అని అచ్చేసి, కింద ఖాళీ వదిలారు. అర్జీదారు ఏం కోరుతున్నాడో రాయాల్సిన చోటు అది. మా చెల్లి అక్కడ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "ప్రభువా, ఆ కమిటీలో కూర్చున్నవారి మనసులు మెత్తపరచుము. వారి ఇళ్లలో ఎవరికీ ఈ జబ్బు రానియ్యకుము. వారు ఈ కాగితము చదువునంతసేపు వారికి నిద్ర రాకుండునట్లు కాపాడుము. ఆమేన్."

మాది మూడు తరాలుగా లూథరన్ కుటుంబం. చెల్లి చర్చిలో స్త్రీల కూడికలకు ప్రార్థన చేసే మనిషి. ప్రేయర్ రాయమంటే ఆవిడ ఇంకేం రాస్తుంది? నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఆ అసిస్టెంటు మీద, ఆ ఫారం మీద, అన్నిటికన్నా నామీద. రోజుకు పది అర్జీలు చూసినవాణ్ణి, సొంత చెల్లి కాగితం చూడకుండా వదిలేశాను.

"తప్పేం రాశాను?" అంది చెల్లి, నొచ్చుకుని.

"తప్పు కాదమ్మా. పై ఆఫీసుకు రాశావు. మధ్యలో వీళ్లున్నారు," అన్నాను.

మళ్లీ రాశాం, మళ్లీ పంపాం. రెండు నెలలకు ఒక్క బస్సు దూరం అంటే ఎన్ని కిలోమీటర్లో తెలుపమని ఉత్తరం. తెలిపాం. ఆ తర్వాత ఎన్నాళ్లో చప్పుడు లేదు. ఈలోగా వర్షాలకు రోడ్లు మునిగి చెల్లికి ఒక్క రోజు డయాలసిస్ తప్పింది. మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసంతో కూర్చోలేక, పడుకోలేక ఎంత యాతన పడిందో నేను రాయలేను. ఇంకొక్కటి తప్పితే మనిషి దక్కదని డాక్టరు గారు నా మొహం మీదే చెప్పారు.

అప్పుడొచ్చింది కమిటీ పిలుపు. అర్జీదారు స్వయంగా ఢిల్లీ వచ్చి తన మాట చెప్పుకోవాలి. బుధవారం, ఉదయం పదకొండు గంటలకు.

ఎంపీ గారి ఆఫీసుకు పరిగెత్తాను. ఆ కాగితం అసిస్టెంటు ముందు పెట్టి, "బుధవారం ఆవిడ మెషీన్ మీద ఉంటుందండి. అర్జీ పెట్టిందే అందుకు. మంగళవారానికి మార్చమనండి," అన్నాను.

"కమిటీ డేటు మనం మార్చలేమండి."

"పోనీ ఫోన్లో వీడియో పెడతాం."

"కుదరదంటారండి."

"నేను వెళతాను. రాసిందంతా నేనే."

"మీరు పిటిషనర్ కాదు కదండి," అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇంటికొచ్చేసరికి చెల్లి సంచి సర్దుకుంటోంది. "ఒక్క బుధవారమే కదా అన్నయ్యా. వెళ్లి చెప్పేసి వద్దాం. నాకోసమే కాదు, మన బస్సులో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఇంకా ముగ్గురున్నారు," అంది. జీవితంలో మొదటిసారి ఆమె మీద అరిచాను. సంచి లాగి బట్టలు బయటపడేశాను. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆ రోజే డాక్టరు గారి సర్టిఫికెట్ జతచేసి, రాలేని కారణం వివరంగా రాసి, రిజిస్టర్ పోస్టులో పంపాను. బుధవారం ఎప్పట్లాగే రాజమండ్రి వెళ్లాం. పదకొండు గంటలకు ఆమె మెషీన్ మీద కళ్లు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

మొన్న శనివారం ఆఖరి ఉత్తరం వచ్చింది. నేను పంపిన సర్టిఫికెట్ ఊసే లేదు. విచారణకు హాజరు కానందున అర్జీదారుకు ఈ విషయంలో ఆసక్తి లేదని భావించి అర్జీని ముగించడమైనదని రెండు లైన్లు. దాచేద్దామనుకున్నాను. చెల్లి చేయి చాపింది. కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివి, ఒక మాట దగ్గర ఆగింది.

"ఇంట్రెస్ట్ లేదు అంటే, నాకు లేదనా?"

"అవును."

కాసేపు సూది పోట్లతో ఉబ్బిన ఎడమ చేతిని నిమురుకుంటూ కూర్చుంది. తర్వాత తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఉందని రాయి అన్నయ్యా. ఇంకేం వద్దు. ఉంది అని రాయి, సంతకం పెడతాను."