పసుపు చేను మీదుగా కందకుర్తికి

మాఘమాసం ముగింపుకొస్తున్న ఒక ఆదివారం తెల్లవారుజామున నేను నిజామాబాద్ నుంచి కందకుర్తికి బయల్దేరాను. అక్కడ గోదావరిలో మంజీర కలుస్తుంది. బోధన్ దాకా బస్సు, అక్కడి నుంచి కాలినడక. ఏటా మాఘంలో నడిచే దారే ఇది. ఈసారి మాత్రం పందెం కట్టి వెళ్లాను.

మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. యాసంగి నాట్లు పడ్డాయంటే రైతుల బోరు మోటార్లు ఒకదాని వెనుక ఒకటి కాలిపోతాయి. "మడి ఎండిపోతున్నది కాకా" అంటూ మనిషి ఎదురుగా నిలబడితే తిండి కూడా గుర్తుకు రాదు. అయినా ఎన్నో ఏళ్లపాటు, షట్టర్ ఎత్తకముందే ఊరి బయటికి వెళ్లి రెండు గంటలు నడిచి వచ్చేవాణ్ణి. డెబ్బై దగ్గర పడుతున్నా మోకాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. మొన్నటి వానకాలం నుంచి నడక ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే, మోటార్లు అని చెప్పేవాణ్ణి.

మా అల్లుడు నా చేతికి ఒక కొత్త గడియారం కట్టాడు. అది అడుగులు లెక్కపెడుతుందట. కూర్చుంటే లెమ్మని గీపెడుతుంది, వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వస్తే శభాష్ అంటుంది. మూడో రోజు విప్పేశాను. నేను అయిదో తరగతితో బడి మానేసి, చదువంతా పొట్లాల కాగితాల మీద, అద్దె పుస్తకాల్లో నేర్చుకున్నవాణ్ణి. నన్ను మెచ్చుకోవడానికి ఆ డబ్బా ఎవరు? పేపర్లలో డాక్టర్లు రాసేది ఇంకో ఒళ్లుమంట. పనిలో మునిగినవాడు రోజుకు అరగంట "కేటాయించుకోవాలి" అంటారు. అరగంట ఏమన్నా అటక మీద దాచిన డబ్బానా, దించుకోవడానికి?

మా ఆవిడ రాజవ్వకు గడియారాలతో పని లేదు. ఒక రాత్రి అన్నం పెడుతూ, "నడిస్తె నడువు, లేకుంటె లేదు. గని ఆ బూట్లు గుమ్మంల పెట్టకు. రోజూ నేనే తట్టుకోని పడుతున్న" అంది.

"ఈ మాఘంల గూడ కందకుర్తికి నడిచే పోత."

"పోకుంటె?"

"బూట్లు నీ ఇష్టం వచ్చినోళ్లకు ఇచ్చెయ్యి. మళ్ల నడక మాట ఎత్తను" అన్నాను. అన్నాక భయం వేసింది. ఆమె మరిచిపోయే మనిషి కాదు.

బస్టాండులో అయిదున్నర బస్సు ఆరుకు పది నిమిషాలు ఉండగా కదిలింది. కండక్టరమ్మ ఆధార్ కార్డులు చూస్తూ ఆడవాళ్లకు సున్నా టికెట్లు కొడుతోంది. నా దగ్గర నలభై చిల్లర తీసుకుంది. పక్క సీట్లో బీడీలు చుట్టే అక్క ఒకామె తన చాటను కాళ్ల మధ్య సర్దుకుంటూ, "మాకు పుక్కట్ల, ముసలాయనకు పైసలు. గమ్మతే ఉన్నది" అంది. "అక్కా, నువ్వు నవ్వుతె నీకు గూడ పైసల టికెట్ కొడత" అని కండక్టరమ్మ జవాబు. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ వేళకు లేచి నవ్వి ఎన్ని నెలలైందో అనుకున్నాను.

బోధన్‌లో దిగేసరికి ఏడు కావస్తోంది. ఒకప్పుడు ఈ ఊరికి గడియారాలతో పని లేదు. చక్కెర ఫ్యాక్టరీ కూత పెడితే ఊరు లేచేది, కూత పెడితే తినేది. చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి, గాలి నిండా బెల్లం వాసన. ఇప్పుడు ఆ కూత లేదు, ఆ వాసన లేదు. దారి పక్క చెరుకు ఉండవలసిన చోట వరి ఉంది. దీని గురించి మాట్లాడడం మొదలుపెడితే నా యాత్ర ఇక్కడే ఆగిపోతుంది కాబట్టి ఆపుతున్నాను.

బస్టాండు ఎదుట రెండు పూరీలు తిని, చాయ్ తాగాను. అక్కడి నుంచి రెండు సందుల అవతలే హమీద్ ఉంటాడు. నిజామాబాద్‌లో మా పక్క దుకాణం అతనిదే ఉండేది, చేతి గడియారాలు బాగుచేసేవాడు. నా నడకకు జోడు. చీకటి ఉండగానే గొడుగు పిడితో మా ఇంటి తలుపు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. నేను లేచేదాకా వీధి కుక్కలను కూడా లేపేవాడు. మొన్నటి వానకాలంలో వాళ్లబ్బాయి బోధన్‌లో బేకరీ పెట్టాడు. హమీద్ దుకాణం మూసి ఇక్కడికి వచ్చేశాడు. "వారం దినాలల్ల వస్త" అన్నాడు, రాలేదు. నాకు కోపం. ఫోన్ చేయలేదు. అతనూ చేయలేదు. ఆ పొద్దున అతని సందు మొగదలకు వచ్చి, తల తిప్పుకుని ముందుకు నడిచాను. తోడు లేకుండానే నడవగలనని చూపించాలి. ఎవరికి చూపించాలో ఆలోచించలేదు.

ఈ దారిన నడవదలచిన వారికి ఒక మాట. మొదటి గంట మెల్లగా నడవండి. నాకు తెలిసిన విషయమే, నేనే మరిచాను. ఆ కోపం కాళ్లలోకి దిగింది. పోలీసు ఉద్యోగాల కోసం రోడ్డు మీద పరుగెత్తే పిల్లలు "నమస్తే తాతా" అంటూ దాటిపోతుంటే, తాత అన్నందుకు ఇంకొంచెం వేగం పెంచాను. సాటాపూర్ దాటేసరికి పిక్కలు బిగుసుకున్నాయి. తొమ్మిది గంటలప్పుడు ఒక కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. ఎండ అప్పుడే నెత్తికి తగులుతోంది. ముందు దారి సగానికి పైగా ఉంది. ముందుకా వెనక్కా అన్న ఆలోచన లేదు, బూట్లు ఎవరికి సరిపోతాయా అని ఆలోచిస్తున్నాను.

ఒక షేర్ ఆటో ఆగింది. "కందకుర్తా బాపూ? ఎక్కు, జాగున్నది." లేచి ఒక కాలు లోపల పెట్టాను.

సరిగ్గా అప్పుడు పక్క పసుపు చేనులోంచి పెద్ద గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరినో దులిపేస్తోంది ఒకామె. "ఏందే లస్మీ, పొద్దెక్కినా వస్తలేవు? నీ పసుపుకు నేను మూడు దినాలు వంగి నడుము ఇరగ్గొట్టుకున్న. నీకు ఇయ్యాల్నే సుట్టాలు దొరికిన్రా? సుట్టాలను గూడ తోల్కరా, చేన్ల మస్తు పని ఉన్నది!" ఫోన్ కట్టేసి, నన్ను చూసి, "ఓ కాకా, నువ్వు ఎటు పోతున్నవ్? మొహం గట్ల ఎర్రగున్నదేంది? నీళ్లు తాగి ఎక్కరాదూ" అంది.

ఆటో అతను "ఆగుతనా పోతనా?" అని హారన్ కొట్టాడు. కాలు బయటికి తీశాను. ఆటో వెళ్లిపోయింది. ఇంకొకటి వస్తుందిలే అనుకున్నాను.

ఆమె పేరు నర్సవ్వ. ఎకరం పసుపు ఉంది. చేనంతా తవ్విన గడ్డలు, పది మంది ఆడవాళ్లు మట్టి దులిపి కొమ్ములు విడదీస్తున్నారు. ఎవరూ కూలికి రాలేదు. ఈ ఊళ్లలో దీన్ని బదులు అంటారు. నేను నీ చేనుకు వస్తాను, నువ్వు నా చేనుకు రావాలి. డబ్బు మాట ఉండదు. రాకపోతే ఏమవుతుందో లస్మికి ఇప్పుడే తెలిసింది.

చెంబుతో నీళ్లు, ఒక జొన్నరొట్టె, దాని మీద టమాట తొక్కు పెట్టింది. తింటూ అడిగాను. "నీ సొంత చేనే గద బిడ్డా. ఒక మనిషి రాకుంటె రేపు చేసుకోవచ్చు. ఇంత పరేషాన్ ఎందుకు?"

"నా చేను అయితె నేను గూడ రేపు రేపు అనుకుంటనే ఉంట కాకా. నడుము నొస్తున్నదంట, పొద్దు పోయిందంట. ఎవలు అడుగుతరు? గదే ఇంకొకల చేను అయితె కోడి కూయకముందే లేస్త. ఆళ్లు చూస్తుంటరు గద, నర్సి ఇంకా రాలేదేందని."

పక్కనున్న ముసలమ్మ కొమ్ము విరుస్తూ అంది. "నర్సీ, ముచ్చట్లు బంజెయ్. ముసలాయన రొట్టె తింటున్నడు, పని చేస్తలేడు."

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. రొట్టె ముగించి, చేతులు కడుక్కుని, వాళ్ల మధ్య కూర్చున్నాను. కాళ్లకే కదా అలసట, చేతులకు కాదు. రాగి తీగ చుట్టిన వేళ్లు ఇవి. గంటసేపు కొమ్ములు విడదీశాను. గోళ్లు పసుపెక్కాయి. పిక్కలు మెల్లగా వదిలాయి. లేస్తుంటే నర్సవ్వ అడ్డం వచ్చింది.

"కాకా, నువ్వు గంట పని చేసినవు. నేను రొట్టె పెట్టిన. గది చెల్లు. ఇగ నాదొక పని నీ మీద ఏస్త. ప్రతి మాఘంల సంగమంల మునుగుత నేను. ఈయేడు పసుపు పనిల పడి పోలేదు. నెల అయిపోవట్టె. నా పేరు మీద మూడు మునకలు మునుగు. ఒక సీసల నీళ్లు తే. నేను బదులుకు మీ ఇంట్ల ఏ పని చెప్పినా చేస్త."

"సరే బిడ్డా. ఆటోల పోయి జల్ది..."

"ఆటోలనా? నేను నడిచే పోత ప్రతిసారి. నా మునక అయితె నడిచే పోవాలె. ఆటోల పోతె అది నీది, నాది కాదు."

ముసలమ్మ మళ్లీ అందుకుంది. "పోనియ్యే పాపం, కాళ్లు లేవు ఆయనకు."

నేను బూట్ల తాళ్లు బిగించాను. ఇంకో ఆటో వచ్చి ఆగింది. ఎక్కమన్నాడు. చేయి ఊపి పంపేశాను. వెనక చేను నుంచి పది జతల కళ్లు చూస్తున్నాయని తెలుసు. మొదటి మైలు ఆ కళ్ల కోసం నడిచాను. మలుపు తిరిగాక చేను కనపడలేదు, అయినా నడిచాను. నర్సవ్వ తన కాళ్లు నాకు అప్పగించింది, వాటిని మధ్యలో దింపేయలేను అనిపించింది. ఊపిరి దారిలో పడింది. ఎర్రజొన్న కంకుల మీద పిట్టలు, కాలువలో నీళ్ల చప్పుడు, అన్నీ మళ్లీ వినిపించసాగాయి. రెంజల్‌లో ఒక నిమ్మసోడా తాగాను, పది రూపాయలు. ఆ మండే ఎండలో ఆ సోడా రుచి మాటల్లో చెప్పలేను.

ఒంటి గంట దాటాక కందకుర్తి చేరాను. రెండు నదులు వచ్చి కలిసే చోట నీళ్లు వెడల్పుగా, నిదానంగా ఉన్నాయి. నది అవతల మహారాష్ట్ర. ఒక పడవ అతను నేను మెట్లు దిగడం చూసి, "ఆజోబా, హళూ, హళూ" అన్నాడు. తాతా, మెల్లగా అని. పొద్దున ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మొదటి మూడు మునకలు నర్సవ్వ పేరు మీద వేశాను. ఆ తర్వాత నాది ఒకటి. నీళ్లు చల్లగా పిక్కల్లోకి పాకుతుంటే కళ్లు చెమర్చాయి. కాళ్లు ఇంకా నావే అన్న సంతోషం అది. కాసేపు మెట్ల మీద కూర్చుని, సీసా నింపుకుని లేచాను. అక్కడ భోజనానికి హోటల్ వెతుక్కోకండి, తిండి వెంట తీసుకుపోవడం మేలు. నేను నాలుగు అరటిపండ్లతో సరిపెట్టుకున్నాను.

తిరుగు దారిలో ఆటో ఎక్కడానికి నర్సవ్వ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఎక్కాను. చేను దగ్గర దిగి సీసా ఇచ్చాను. ఆమె మూత తీసి, వరసగా అందరి నెత్తిన చిలకరించింది. ఆఖరున, అప్పుడే వచ్చి తల వంచుకుని పని చేస్తున్న ఒక మనిషి నెత్తి మీద దోసెడు కుమ్మరించింది. "తీసుకో లస్మీ, నీ పాపం గింత నీళ్లకు పోదు గని!" లస్మి తడి మొహంతోనే నవ్వింది. నా సంచిలో రెండు గుప్పెళ్ల పచ్చి పసుపు కొమ్ములు వేశారు. వచ్చే మాఘంలో ఎవరి కోసం ఎవరు మునగాలో అప్పుడు చూసుకుందామంది నర్సవ్వ.

నాలుగు గంటలకు బోధన్‌లో దిగి, పొద్దున తల తిప్పుకున్న సందులోకి నేరుగా నడిచాను. హమీద్ బేకరీ గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. పొట్ట కొంచెం పెరిగింది. నన్ను చూసి లేవలేదు.

"ఆవో గంగారాం సాబ్. పొద్దుగాల సందు ముందుకెళ్లి మూతి తిప్పుకోని పోయినవంట. మా కోడలు చూసింది. ఇప్పుడు యాదికొచ్చిన్నా?"

"నువ్వు వారంల వస్త అన్నవు."

"భట్టి కాడ రాత్రి రెండింటికి లేస్తున్న భాయ్. నడుద్దామని బూట్లు తెచ్చుకున్న. అగో." గల్లా కింద చూపించాడు. బూట్ల మీద మైదా పిండి పేరుకుని ఉంది. "ఒక్కణ్ణి ఏం నడుస్త? తలుపు కొట్టనీకి ఎవలున్నరు?"

పసుపు కొమ్ము ఒకటి తీసి గల్లా మీద పెట్టి, నర్సవ్వ చేను సంగతి చెప్పాను. చివరికి అన్నాను. "మనం గూడ బదులు పెట్టుకుందాం. ఒక ఆదివారం నువ్వు నిజామాబాద్ రావాలె, నాతో నడవాలె. ఇంకో ఆదివారం నేను ఇక్కడికి వస్త. రాకపోతె..."

"రాకపోతె ఏం చేస్తవ్?"

"మీ బేకరీ ముంగట నిలబడి లస్మిని తిట్టినట్టు తిడత."

హమీద్ గట్టిగా నవ్వాడు. కోడలిని పిలిచి, వచ్చే ఆదివారం భట్టి వేరే ఎవరైనా చూడాలని చెప్పాడు. ఆ అమ్మాయి వేడి వేడి ఉస్మానియా బిస్కెట్లు పొట్లం కట్టి ఇచ్చింది. నేను డబ్బులు తీస్తే హమీద్ గల్లా మూసేశాడు.

అయిదుంపావు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వేళ్లు పసుపుగా, కాళ్లు బరువుగా, మనసు తేలికగా ఉన్నాయి. మోటార్లు నా నడకను ఆపలేదు. రేపూ మోటార్లు కాలుతాయి, రేపూ నేను చుడతాను. పనిలో మునిగిన నన్ను ఇన్నేళ్లు చీకట్లో లేపింది నా పట్టుదల అనుకున్నాను. ఆ గొడుగు పిడి సంగతి మరిచాను. ఒళ్లంతా నొప్పులతో, ఆ పిడికీ, నర్సవ్వ గొంతుకీ, ముసలమ్మ ఎత్తిపొడుపుకీ కూడా లోపల దండం పెట్టుకున్నాను.

జానకంపేట దాటుతుండగా రాజవ్వ ఫోన్ చేసింది.

"ఏమాయె? కందకుర్తి దాక పోయినవా, నడుమల్నే ఆటో ఎక్కినవా? పక్కింటి సాయిలుకు నీ బూట్లు సరిపోతయంట, అడిగి పెట్టిన."

"సాయిలును వేరే బూట్లు కొనుక్కోమను" అన్నాను. "గుమ్మంల ఇంకొక జతకు జాగ చెయ్యి. వచ్చే ఆదివారం తెల్లారకముందు హమీద్ వస్తున్నడు."

"గొడుగు తేవొద్దని చెప్పు. వాడకట్టు కుక్కలన్ని ఇప్పుడిప్పుడే జర నిమ్మళంగ పంటున్నయి" అంది.

చెప్పలేదు. గొడుగు తెచ్చుకోమనే చెప్పాను.