గుర్రప్పిల్లని దాటిన సాయంత్రం

1971 మార్చి నెల, ఆదివారం సాయంత్రం. స్థలం: చోడవరంలో మావయ్యగారి పెరడు. హాజరైనవారు: మావయ్య, అత్త, అమ్మమ్మ, జట్కా తాత, నేను. వీరు కాక ఒక గుర్రప్పిల్ల.

అప్పట్లో నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలయ్యేది. తాలూకా ఆఫీసు సర్వే సెక్షన్లో గుమస్తాగా కొత్తగా చేరాను, మావయ్య ఇంట్లోనే మకాం. ఆఫీసు అలవాటు ఇంటికి మోసుకొచ్చి, పేరంటానికి ఎవరొచ్చారో కూడా హాజరు వేసేవాణ్ణి. ఆ రోజుల్లో ఏది ఎంతవుతుందో ముందే తెలుసుకోవాలన్న ఆత్రం జనానికి ఇప్పుడున్నంత ఉండేది కాదు. చెరుకు ఎంత దిగితే అంత దిగేది, పిల్లలు ఎంత ఎదిగితే అంత ఎదిగేవారు, లాగు పొట్టయితే కొత్తది కుట్టించేవారు. అలాంటి కాలంలో ఒక వారం పాటు మా ఇంట్లో అందరూ అన్నం దగ్గర, బావి దగ్గర, ఆఖరికి దేవుడి పటాల ముందు కూడా ఒకే ప్రశ్న వేసుకుంటూ తిరిగాం. ఈ గుర్రప్పిల్ల చివరికి ఎంత ఎత్తు ఎదుగుతుంది?

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మావయ్య ఎత్తు చెప్పాలి. మావయ్య ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆర్.ఎం.పి. డాక్టరు. చీడికాడ దాటాక కొండల వార ఉన్న పల్లెలకి బస్సు వెళ్ళదు, వానాకాలం సైకిలు బురదలో కూరుకుపోతుంది, అందుకని ఆయన గుర్రం మీద తిరిగేవారు. ఆ పాత గుర్రం సాధువే గాని మరీ పొట్టిది. ఎక్కి కూర్చుంటే మావయ్య కాళ్ళు దాదాపు నేలకి తగిలేవి. "డాక్టరుబాబు గుర్రానికి ఆరు కాళ్ళురా!" అని పల్లెల్లో పిల్లగుంటలు వెంటపడేవారు. ఒక ముసలమ్మయితే జొరంతో మూలుగుతూనే, "బాబూ, అది నిన్ను మోస్తందా, నువ్వు దాన్ని నడిపిస్తన్నావా?" అని అడిగిందట. మావయ్య అక్కడ నవ్వేసి, సూదిమందు ఇచ్చేసి వచ్చేవారు. ఇంటికొచ్చాక మాత్రం ఆ రాత్రి పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయేవారు. ఆ గుర్రం ముసలిదైపోయాక రోలుగుంటలో చుట్టాల కళ్ళంలో మేపుకోమని వదిలేశారు. (పెన్షను మీద పంపేం, అనేవారు.)

ఆ తరవాత వడ్డాది సంతలో ఈ ఎర్ర పిల్లని తెచ్చారు. పాలు మానిన పిల్ల. నాలుగు కాళ్ళూ ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచేది. అమ్మినతను తన నెత్తి మీదకి చెయ్యెత్తి, "దీన్ని కన్నది ఇంతెత్తుండేదండి బాబూ!" అన్నాడట. ఆ మాట అన్నప్పుడు అతను బండి మీద నిలబడి ఉన్నాడన్న సంగతి మావయ్యకి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అదృష్టం కొద్దీ ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. పశువు నచ్చకపోతే మరుసటి సంతలో ఎండెక్కకముందే తెచ్చి అప్పగిస్తే అమ్మినవాడు తిరిగి తీసుకోవాలి. అంటే మాకు ఒక వారం గడువు.

అత్త మొదటిరోజే వీధిగుమ్మంలో నిలబడి, "ఇంట్లో మనుషులకే సోటు లేదు, గుర్రమేటి? లద్దె ఎవరెత్తుతారు, నేనా?" అని కేకలేసింది. దాన్ని 'గుర్రపు వెధవ' అనేది. మర్నాడు ఆ వెధవకి ఉలవలు ఉడకబెట్టింది. మూడో రోజు దాని జూలు దువ్వుతూ కనబడి, నన్ను చూసి, దువ్వెన కడుగుతున్నానంది. వారం సగమయ్యేసరికి అది వంటింటి గుమ్మంలో తలపెట్టి నిలబడితే గాని ఆవిడ పోపు పెట్టేది కాదు. బెల్లం డబ్బా మూత చప్పుడైతే చాలు, పెరట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. అయినా ఆవిడ 'వెధవ' మానలేదు. అన్ని మాటలన్నాక ఇంక ఉంచుకుందామని ఆవిడ నోటితో ఎలా అంటుంది?

ఆదివారం సాయంత్రం మావయ్య అందరినీ పెరట్లో కూచోబెట్టారు. "తెల్లారితే సంత. ఇది పెద్ద గుర్రం అవుతాదని మీలో ఎవరైనా గట్టిగా చెప్తే ఉంచుతాను. లేకపోతే రేపు తోలుకెళ్ళి ఇచ్చీస్తాను. మళ్ళీ ఆరుకాళ్ళ గుర్రం మీద ఊరేగడం నావల్ల కాదు."

"ఇచ్చీండి. నాకేటి?" అని అత్త లోపలికెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడడం మాకు చాలాసేపు వినిపించింది.

మొదటి సాక్షి జట్కా తాత. బస్టాండు దగ్గర ఎన్నో ఏళ్ళు జట్కా తోలి, రిక్షాలొచ్చాక మానేసిన పెద్దాయన. నడుముకున్న మొలతాడు లాంటి దారం ఒకటి తీసి, పిల్ల ముందుకాలి మోచేతి నుంచి గిట్ట మీద కణుపు దాకా కొలిచి, అంతే దారాన్ని మోచేతి నుంచి పైకి తిప్పి పట్టుకున్నాడు. దారం కొస ఎక్కడికి వస్తే గుర్రం అంతెత్తు ఎదుగుతుందట. కొస వీపు దాటి పైకొచ్చింది. "బాబూ, ఏనుగే!" అన్నాడు. మావయ్య ముఖం వెలిగింది. నేను ఊరుకోవచ్చు కదా, రెండో కాలు కూడా కొలవమన్నాను. ఈలోగా పిల్ల ఒరిగి నిలబడింది. కొస వీపు కిందకి దిగిపోయింది. తాత కాసేపు దారాన్నీ, పిల్లనీ, నన్నూ చూసి, "ఈ కాలు లెక్కన పెద్దగుర్రం, ఆ కాలు లెక్కన పొట్టి టట్టువ. మద్దిలో ఎక్కడో ఆగుతాది," అని తీర్పు చెప్పి చుట్ట ముట్టించాడు.

రెండో సాక్షిని నేనే. వారం రోజులుగా రోజూ పొద్దున్న టేపు పెట్టి కొలిచి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాను. ఆ గీత ఎంత నిటారుగా లేచిందంటే, అదే లెక్కన పోతే నాలుగేళ్ళకి గుర్రం మా పెంకుటింటి చూరు దాటాలి. (మొదటిరోజు బావి పక్క పల్లంలో కొలిచాను, చివరిరోజు గచ్చు మీద. పెరిగింది గుర్రం కాదు, నేల. సర్వే సెక్షన్లో జీతం తీసుకుంటున్నవాడికి తట్టవలసిన సంగతి.) ఆ కాగితం వంటింటి అవతల నా గదిలో ఉంది. తెచ్చి చూపిస్తానని లేచి, ఒక్క ఉదుటున వంటింటివైపు వెళ్ళాను. అదే సమయంలో పిల్ల వంటింటి గుమ్మం ముందు కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. నేను కాలెత్తి దాన్ని దాటేశాను.

"ఒరే ఒరే ఒరే! దాటీసేవేట్రా!"

అమ్మమ్మ కేకకి బావి మీద కాకులు లేచిపోయాయి. పడుకున్న పిల్లల్ని దాటితే ఎదగరని మా వైపు ప్రతి ఇంట్లోనూ చెప్తారు. పొరపాటున దాటితే వెంటనే వెనక్కి దాటాలి. చాప మీద పడుకున్న తమ్ముళ్ళని నేనే ఎన్నిసార్లు అటూ ఇటూ దాటలేదు? కాని గుర్రానికి కూడా ఈ నియమం ఉంటుందని నాకు తట్టలేదు. పైగా ఎదుగుతుందా ఎదగదా అని పంచాయితీ పెట్టిన సాయంత్రమే!

"అమ్మా, అదంతా ఉత్తిదే," అన్నారు మావయ్య. డాక్టరు కాబట్టి అనాలి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఒరే, ఎందుకైనా మంచిది, వెనక్కి దాటీ," అన్నారు.

వెనక్కి తిరిగేసరికి పిల్ల లేచి నిలబడింది. నిలబడ్డ గుర్రాన్ని దాటడం నావల్ల ఏమవుతుంది? మళ్ళీ పడుకోబెట్టాలి. తాత మెడ నిమురుతూ జోల లాంటిదేదో పాడాడు. నేను వీపు మీద రెండు చేతులూ వేసి నొక్కాను. నేను తనతో ఆడుకుంటున్నాననుకుని అది నా చొక్కా జేబు నమిలింది. అప్పుడు అమ్మమ్మ, "ఎవరైనా పక్కన తొంగుంటే సూసి అదీ తొంగుంటాది. సంటిపిల్లలు అంతే," అంది. చివరికి ఆరడుగుల మావయ్య, నాలుగు ఊళ్ళకి వైద్యం చేసే మనిషి, పంచె సర్దుకుని పెరట్లో నేల మీద వెల్లకిలా పడుకున్నారు.

పిల్ల వచ్చి ఆయన తల వాసన చూసింది. తుమ్మింది. వంటింట్లో బెల్లం డబ్బా మూత చప్పుడైంది. అది ఒక్కొక్క కాలే జాగ్రత్తగా ఎత్తి, మావయ్య బొజ్జ మీదనుంచి దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయింది.

"నా కొడుకుని దాటీసింది!" అంది అమ్మమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

"అమ్మా, నాకు యాభై నిండేయి," అన్నారు మావయ్య కిందనుంచే.

"అయితే? నేను కన్నవాడివి కాదేటి?"

"డాక్టరుబాబు ఇంక ఎదక్కపోతే గుర్రానికే మంచిదమ్మా!" అన్నాడు తాత. మేం నవ్వాం. అమ్మమ్మ నవ్వలేదు. "అది నా కొడుకుని వెనక్కి దాటాల. దాటేదాకా ఈ ఇంటి గుమ్మం దాటనివ్వను. సంతా లేదు, గింతా లేదు," అని వీధి తలుపుకి గడియ పెట్టేసింది. చీకటి పడింది. ఆ పూటకి ఎవరూ ఎవరినీ దాటలేదు.

మర్నాడు తెల్లవారుజామున లేచేసరికి పిల్ల ఇంకా గడ్డిలో పడుకునే ఉంది. అమ్మమ్మ చూస్తూ ఉండగా వచ్చిన వైపుకే దాటాను. నా దోషం అలా ఒక్క అడుగుతో తీరిపోయింది. మావయ్యది అంత సులువుగా తీరలేదు. ఆయన సంతకి తయారై, చేతికర్ర కూడా పట్టుకుని వచ్చారు. అమ్మమ్మ తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఆయన నిట్టూర్చి, చాప వేయించుకుని, నిన్న పడుకున్న చోటే పడుకున్నారు. పిల్లని వంటింటి వైపు నిలబెట్టాం. అది మావయ్యని దాటి బావివైపుకి రావాలి. పగ్గం పట్టుకుని బావివైపున నేను, దాన్ని వెనకనుంచి తొయ్యడానికి తాత. వంటింటి గుమ్మంలో అత్త, చేతులు వెనక్కి పెట్టుకుని.

లాగాను. కదలలేదు. కాళ్ళు తన్నిపట్టి లాగాను. అది మెడ వెనక్కి తిప్పి అత్తనే చూస్తోంది.

"తొయ్యి తాతా!"

"తోస్తన్నాను బాబూ, తోస్తనే ఉన్నాను," అన్నాడు తాత, రెండు వేళ్ళతో దాని తొడ గోకుతూ.

"దాటిందేట్రా?" అన్నారు మావయ్య కళ్ళు మూసుకుని.

"లేదు మావయ్యా."

"తొందర లేదులే."

వీధిలో సంతకి వెళ్ళే బళ్ళు గంటలు మోగించుకుంటూ ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నేను చెమటలు కక్కుతూ లాగుతున్నాను. కాసేపటికి బళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఎండ బావి గట్టు మీదకి వచ్చింది, ఆ తరవాత చాప మీదకి, ఆ తరవాత మావయ్య ముఖం మీదకి.

"ఎండెక్కీసిందా?"

"ఎక్కింది మావయ్యా."

"అయ్యో, ఇంక సంతకి వెళ్ళి లాభం లేదన్నమాట," అన్నారాయన. అన్నారే గాని లేవలేదు. మరికొంతసేపు హాయిగా అలాగే పడుకుని, తరవాత లేచి పంచె దులుపుకున్నారు. అత్త చేతులు ముందుకి తెచ్చింది. అరచేతిలో కరిగి జిగురెక్కిన బెల్లం ముక్క ఉంది. పిల్ల దాన్ని అందరి ముందూ నాకేసింది. మావయ్య అది చూసి, చూడనట్టు, కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళారు. మరి వెనక్కి దాటించడం మాటేమిటని నేను అమ్మమ్మని అడిగాను. "పోన్లేరా, యాభై ఏళ్ళొచ్చినోడు ఇంకేటెదుగుతాడు?" అంది, తాపీగా కాఫీ గ్లాసు కడుక్కుంటూ.

(ఎంత ఎదిగిందని అడిగేవారి కోసం: అత్త చెవి ఎత్తుకి వచ్చి ఆగింది. మధ్యలో ఎక్కడో.)

నా అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. అత్తే వెన్న రాసింది. రాస్తున్నంతసేపూ నవ్వాపుకుంటోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పుడీ వయసులో ఆ పెరడు తలుచుకుంటే, బావి పక్కన కాళ్ళు తన్నిపట్టి, పళ్ళు బిగించి, ముఖం ఎర్రబడేలా లాగుతున్న ఆ బక్క గుమస్తా కనిపిస్తాడు. వాణ్ణి చూస్తే నాకు జాలీ వేస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ పొద్దున్న అక్కడున్నవాళ్ళందరిలో పగ్గాన్ని నిజంగా లాగినవాడు వాడొక్కడే.