బరువెత్తొద్దన్న డాక్టరమ్మ

మా వైపు కాన్పయిన ఆడదానికి పాతచీర మడిచి నడుముకు బిగించి కడతారు. లోపలివన్నీ మళ్ళీ వాటి చోటుకు చేరాలని. యాభై దాటాక నాకు గర్భసంచి కిందికి జారుతున్నట్టు అనిపించినప్పుడు, ఎవరికీ చెప్పకుండా నేనూ అదే కట్టు కట్టుకున్నాను. ఎంత బిగిస్తే అంత పైకి నిలబడుతుందనుకున్నాను. ఆ కట్టుతోనే రెండు ఆవులకు గడ్డిమోపులు మోశాను, గొంతుక్కూర్చుని పాలు పితికాను. సాయంత్రానికి కింద ఏదో వేలాడుతున్నట్టుండేది.

చివరికి తిరుపతికి పోయి చూపించుకుంటే, అక్కడి డాక్టరమ్మ ముందుగా ఆ కట్టు విప్పించింది. "పైన బిగిస్తే కిందికి కాక ఎక్కడికి పోతుందమ్మా?" అంది. ఇప్పటికైతే ఆపరేషన్ అక్కర్లేదంది. బరువులు ఎత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు, దొడ్డికి ముక్కొద్దు. ఆకుకూరలు తినాలి, నీళ్ళు బాగా తాగాలి. ఒంటేలు ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి వదలడం నేర్పింది.

ఆ బిగించడం నాకు నచ్చింది. పప్పు ఉడికేలోపు పొయ్యి దగ్గర నిలబడే చేసేయొచ్చు, ఎవరికీ తెలియదు. పాలు పితకడానికి స్టూలు వేసుకుంటే ఆవు కొన్నాళ్ళు అనుమానంగా చూసింది, అంతే. చిక్కల్లా బరువు దగ్గరే. మోపు ఎత్తనంటే ఎందుకని అడుగుతారు. చెప్పడానికి నోరు రావాలి కదా.

నడుంనొప్పి అన్నాను. మా ఆయన నూనె తెచ్చాడు. మా అత్త మాత్రం ఊరుకోలేదు.

"నడుంనొప్పి ఎవురికి లేదు? మేము మొయ్యలేదా? ఒళ్ళొంగక సెప్తా ఉండావు."

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన అక్కడే ఉన్నాడని కూడా చూడలేదు.

"నడుము కాదత్తా. గర్బసంచి జారిండాది. బరువెత్తితే ఇంకా బయటికొస్తాదంట."

ఆయన తల వంచుకుని, చెప్పులేసుకుని గడ్డికి పోయాడు. ఆ రోజు నుంచి మోపు ఆయనదే. ఆ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఆయన అటు పోగానే అత్త నా పక్కకొచ్చి కూర్చుని గొంతు తగ్గించింది.

"నీ మొగుడు పుట్టినప్పటి నుంచీ నాకూ ఉండాదే. ఆడోళ్ళకంతా ఇంతే అనుకుంటి."

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె మోపులు మోయడం చూస్తూనే ఉన్నాను. ఆమె నడక అంతేననుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

"ఇన్నేండ్లలో ఎవురికన్నా సెప్పినావా అత్తా?"

"సెప్పినా గదా," అంది. "ఇప్పుడు, నీకు."