టీచరు గారి కారుకి ట్రాక్టరు ఆయిలు

రెండు లక్షల కిలోమీటర్లు నిక్షేపంగా తిరిగిన కారుని ఒక్క పానాతో, ఒక్క పూటలో కూలబెట్టడం ఎలాగో తెలియాలంటే నన్నడగండి. అంత చక్కగా పాడుచేసినవాడు ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా ఇంకొకడు దొరకడు. పైగా ఆ పని నేను పగవాడికి చెయ్యలేదు. నాకు అక్షరాలు నేర్పిన మనిషికి చేశాను. అదీ కృతజ్ఞతతో.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. నలభై ఏళ్ళు మిల్లుకి చెరకు ట్రాక్టరు తోలాను. మిల్లు గేటు మీద ఏం రాసుందో ఆ నలభై ఏళ్ళూ నాకు తెలియదు. గేటు తెరిచుందా, మూసుందా, అంతవరకే నా చదువు. మా వీధిలోకి రత్నకుమారి టీచరు గారు అద్దెకొచ్చాక ఒకరోజు మొహం మీదే అన్నారు: "వీరయ్య గారూ, సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిట్టుకునే బదులు మా ఇంటికొచ్చి పలక పట్టండి." పట్టాను. ఏడాది తిరిగేసరికి పేపరు చదవడం వచ్చింది. తిట్టుకోవడానికి అంతకుముందు ఒక్క వీధే ఉండేది, ఇప్పుడు దేశమంతా దొరికింది, అది వేరే సంగతి.

టీచరు గారికి చిన్నప్పటి నుంచీ ఎడమ కాలు పట్టు లేదు. అందుకని క్లచ్చి తొక్కే పనిలేని ఆటోమేటిక్ కారు, ఎవరో వాడినది, కొనుక్కున్నారు. రోజూ కంకిపాడు అవతల బడికి తనే తోలుకు వెళ్ళేవారు. ఆ కారే ఆవిడ ఎడమ కాలు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను ఆరోజు మర్చిపోయాను.

ఒక శనివారం ఆవిడ నన్ను పిలిచి కారు తాళం, ఒక ఆయిలు డబ్బా, మడత పెట్టిన చీటీ చేతిలో పెట్టారు.

"గేరు మారినప్పుడల్లా కారు కుదుపుతోందండీ. రేపు బెజవాడ ఆటోనగర్లో మెకానిక్ మస్తాన్ దగ్గరికి తీసుకెళ్ళి గేరుబాక్సు ఆయిలు మార్పించండి. ఏం చెయ్యాలో చీటీలో రాశాను. సోమవారం పొద్దున్నే పిల్లలకి పరీక్ష, నేను కారులో బడికి వెళ్ళాలి."

"ఎల్లుండి మీరు కారెక్కితే పూల పల్లకీలో ఉన్నట్టుంటదండీ" అన్నాను. పల్లకీ మాట ఒక రకంగా నిజమే అయింది. చెబుతాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ సామ్రాజ్యం అడిగింది.

"చీటీలో ఏముందయ్యా?"

"నలభై ఏళ్ళ డ్రైవర్ని నాకు చీటీ ఏంటే? అది మస్తాన్‌కి."

"నీ చేతికిచ్చారుగా? చదవడం వచ్చుగా?"

"వచ్చు కాబట్టే తొందర లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుతా."

చీటీ చొక్కా జేబులోకి పోయింది. చదువు రాని రోజుల్లో అయితే వీధిలో నలుగురి చేత చదివించుకునేవాణ్ణి. చదువొచ్చాక పొగరొచ్చింది.

ఆదివారం పొద్దున నాకో ఆలోచన వచ్చింది. మస్తాన్ ఎందుకు? నేనే మార్చేస్తే? అక్షరాలు నేర్పినందుకు ఆవిడ నా దగ్గర ఒక కొబ్బరికాయ కూడా పుచ్చుకోలేదు. ఈ రకంగానైనా రుణం తీరుతుంది కదా!

మా చెరకు బండ్ల వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మిల్లులో చెరకు ఆడే సీజను అయిపోగానే ప్రతి ట్రాక్టరు గేరుబాక్సూ విప్పి, పాత ఆయిలు చుక్క మిగలకుండా దింపి, లోపల డీజిలు పోసి కడిగి, కొత్తగా తొంభై నంబరు ఆయిలు పోస్తాం. బెల్లం పాకంలా చిక్కగా ఉంటుంది. దాన్ని చూస్తేనే బలం. అదే పద్ధతి కారుకీ మొదలుపెట్టాను. అడుగున బోల్టు విప్పి పాత ఆయిలు దింపాను. కాటుకలా ఉంది. ఎంత వచ్చిందో కొలిచానా? బురదని ఎవడైనా కొలుస్తాడా? డీజిలు పోసి, దింపి, టీచరు గారిచ్చిన డబ్బా మూత తీశాను.

లోపల ఎర్రగా, నీళ్ళలా పల్చగా, రోజ్ మిల్క్ లాంటిది ఉంది.

"సామ్రాజ్యం! టీచరు గార్ని షాపువాడు నిలువునా మోసం చేశాడే! ఇది ఆయిలా? పెళ్ళిలో షర్బత్తు!"

"అయితే ఆవిణ్ణే అడుగు."

"అడిగితే బాధపడతారు. మన దగ్గర అసలైన సరుకుంది."

తొంభై నంబరు డబ్బా తెచ్చాను. కారు గేరుబాక్సులోకి పోసే గొట్టం చిటికెన వేలంత. అందులోంచి ఆ పాకం దిగడానికి గంటన్నర పట్టింది. నేను గరాటా పట్టుకుని, పసిపిల్లకి ఉగ్గు పోసినంత ఓపికగా పోశాను. అయ్యాక ఇంజను స్టార్టు చేసి, లివరు ముందుకి లాగి, యాక్సిలరేటరు తొక్కాను.

ఇంజను సింహంలా గర్జించింది. కారు కాలవలో పడుకున్న గేదెలా ఉండిపోయింది. వెనక్కి వేశాను. అంతే. రెండు నిమిషాలకి ఇంజను ఆపేశాను. అప్పుడు గుర్తొచ్చింది ఎడమ కాలు.

మస్తాన్‌కి ఫోను చేశాను.

"బాబాయ్, ఏం పోశావ్?"

"తొంభై నంబరు."

అవతల పానా కింద పడిన చప్పుడు.

"తాడు కట్టి లాక్కురాకు. చక్రాలు తిరిగితే ఆ ఉన్న కాస్తా పోద్ది. ఎత్తుకుని తీసుకురా!"

ఎత్తుకుని రావడానికి నా దగ్గరున్నది చెరకు ట్రెయిలరే. కాలవ గట్టుకి ఆనించి, పదిమంది చేత కారుని అందులోకి నెట్టించి, తాళ్ళు బిగించాను. టీచరు గారికి వెళ్ళి చెప్పాను. ఆవిడ ఆటో పిలిపించుకుని మాకంటే ముందు బయల్దేరి, బెజవాడ దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ వెనకాల ట్రాక్టరు మీద నేను, నా వెనకాల పల్లకీ ఎక్కిన కారు.

కంకిపాడు సెంటర్లో ఒకడు అరిచాడు: "తాతా! మిల్లు అటు! కారుని ఆడించాలంటే బండి వెనక్కి తిప్పు!"

మస్తాన్ కారు కిందకి దూరి, ఆయిలు దింపుతూ తిట్లు మొదలుపెట్టాడు.

"ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండి బాబాయ్. కొంచెం దింపి, దింపినంతే కొలిచి కొత్తది పోసి, కొన్నాళ్ళు తిప్పి, మళ్ళీ కొంచెం మార్చాలి. నువ్వు తలంటు పోశావ్! ఇందులో గేర్లని నడిపేదే ఆ పల్చటి ఆయిలు. ఇంజను ఎంతసేపు తిప్పావ్?"

"రెండు నిమిషాలు. భయమేసి ఆపేశా."

"ఆ భయం ఇంకాస్త ముందు పడాల్సింది. లోపల ఏం మిగిలిందో పోసి చూస్తేగానీ తెలీదు. పోయిందంటే కారుని తూకానికి వెయ్యడమే."

టీచరు గారు స్టూలు మీద కూర్చుని, ఎడమ మోకాలు రుద్దుకుంటూ అడిగారు.

"చీటీ ఏదండీ?"

తీశాను. ఒక మూల ఆయిలు మరక.

"చదవండి. పైకి."

ఆటోనగర్ మధ్యలో, నలుగురు మెకానిక్కులు వింటుండగా, వేలు పెట్టుకుని చదివాను. "ఒకటి, దింపిన ఆయిలు కొలవాలి. రెండు, కొలిచినంతే డబ్బాలోది పోయాలి. అది ఎర్రగా, పల్చగానే ఉంటుంది. మూడు, లోపల కడగకూడదు. నాలుగు..." చీటీ మడవబోయాను.

"నాలుగు?" అన్నారు టీచరు గారు.

"వీరయ్య గారూ, దయచేసి మీరు చెయ్యకండి. మీ ట్రాక్టరు ఆయిలు అసలే పొయ్యకండి. పోస్తారని నాకు భయంగా ఉంది." అదీ చదివాను.

కారు కింద నుంచి మస్తాన్ నవ్వు వినిపించింది. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తూ కొట్టుకుంటున్నాయి.

"చదవడం బాగానే వచ్చింది" అన్నారావిడ. "చదవాలన్న బుద్ధి నేర్పడం మర్చిపోయాను. తప్పు నాదే."

ఆ మాటకంటే చెంపదెబ్బ నయం.

మూడుసార్లు దింపి, మూడుసార్లు కొలిచి పోశాడు మస్తాన్. పొద్దు వాలుతుండగా లివరు లాగాడు. కారు ఒకసారి నిట్టూర్చి, మెల్లగా ముందుకి కదిలింది. నా జీవితంలో చూసిన రథోత్సవాలన్నీ దాని ముందు దిగదుడుపే. సోమవారం టీచరు గారు బడికి తనే తోలుకు వెళ్ళారు. ఆ కారు ఇవాళ్టికీ తిరుగుతోంది. మస్తాన్ చేతులకి, ఆవిడ ఓర్పుకి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. నన్ను ఆవిడ వదిలెయ్యలేదు కూడా. ఆ చీటీని వందసార్లు రాసి తెమ్మన్నారు. తెచ్చాను. నా దస్తూరీ గుండ్రంగా కుదిరింది ఆ వందతోనే.

కాబట్టి ఉయ్యూరు కాలవ సాక్షిగా, నా ట్రాక్టరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ బండి మూతైనా విప్పే ముందు జేబులో చీటీ విప్పుతాను.

ఇది రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, "కింద సంతకం పెట్టు. టీచరు గారికి చూపించాలి" అంది.