తొమ్మిదో నంబరు ప్రేక్షకురాలు

జర్నలిజం పీజీ రెండో ఏడాదిలో మా మేడం నాకొక గల్లీ అప్పగించారు. హుస్సేనీ ఆలంలో పన్నెండిళ్లు ఎంచుకోవాలి. ఆ ఇళ్లలో ఎవరు ఏం చూస్తున్నారో, ఎప్పుడు, ఎవరితో, ఎందుకు చూస్తున్నారో రెండు నెలలపాటు వారం వారం వెళ్లి రాసుకోవాలి. మాది సంతోష్‌నగర్. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే అయినా ఆ గల్లీల్లోకి గాజులు కొనడానికి తప్ప వెళ్లి ఎరగను. అయినా ఎంత ధీమానో! కొత్త చెప్పులు, చేతిలో నోట్‌బుక్కు, నా అంత పరిశోధకురాలు లేదన్నట్టు తిరిగాను.

మేడం మూడు నియమాలు చెప్పారు. పేర్లు రాయకూడదు, నంబర్లే వేయాలి. సలహాలు ఇవ్వకూడదు. "నువ్వు వెళ్లేది చూడటానికమ్మా, చెప్పడానికి కాదు. నువ్వు నోరు విప్పితే వాళ్లు చూసే తీరే మారిపోతుంది" అన్నారు. ఆఖరున, రాసిందంతా ఆ ఇళ్లవాళ్లకే చదివి వినిపించి తప్పొప్పులు సరిచూసుకోవాలి. మూడూ మంచి నియమాలే. ఇప్పుడు నా విద్యార్థులకు నేనూ ఇవే చెబుతున్నాను. చెప్పే ప్రతిసారీ ఆ గల్లీ గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

తొమ్మిదో నంబరు ఇల్లు ఒక దర్జీది. ఆయన భార్యను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. ఐదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివింది, తెలుగు గలగలా మాట్లాడేది కానీ రాయడం వచ్చేది కాదు. అందుకని ప్రతి గురువారం మధ్యాహ్నం నాకు చాయ్ ఇచ్చి ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. మొదటి వారం వంటల వీడియోలు, పెళ్లి మెహందీ డిజైన్లు. కూతురికి అదే గల్లీలో సంబంధం కుదిరింది, మూడు నెలల్లో శాదీ. రెండో గురువారం ఆమె లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"గిది సుత రాయాల్నా బేటా?" అంది. "ఛాతీల గడ్డ అయ్యింది నాకు. డాక్టర్ల వీడియోలు చూస్తున్న. బిడ్డ మూడింటికి కంప్యూటర్ క్లాసుకు పోతది కద, ఫోన్ ఇడిసిపెట్టి పోతది. గప్పుడు ఆవాజ్ బంద్ జేసి చూస్త."

"ఇంట్లో చెప్పారా ఖాలా?"

"పాగల్ పిల్లా! చెప్తే శాదీ ఉంటదా? తల్లికి గిట్ల బీమారి ఉందంటే పిల్లగాని తరఫోళ్లు మల్ల మొకం చూపిస్తరా? శాదీ అయినంక చెప్త. నువ్వు పేరు రాయవ్ కద?"

"రాయను ఖాలా, ఒట్టు."

అంతే అన్నాను. ఆస్పత్రికి వెళ్లండి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. సలహాలు ఇవ్వకూడదు కదా! మహా నియమనిష్ఠాపరురాలిని. గడిలో సమయం వేసి, 'ఎవరితో' అన్నచోట 'ఒంటరిగా' అని రాసి, ఆమెకు సలాం చెప్పి వచ్చేశాను.

తర్వాతి వారాల్లో నేను రాసుకున్నవి ఇప్పటికీ నోటికి వచ్చు. గడ్డ అంటే ఏమిటి? నొప్పి లేకపోతే మంచిదేనా? తర్వాతి గురువారం, కోత లేకుండా కరిగించే మందు. ఆ తర్వాత, చంకలో కూడా చేతికి తగిలితే ఏమిటి అర్థం? ఐదో వారం ఆమె కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని కూర్చుని, చూసింది చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది. ఇది వచ్చినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతారు అన్న వీడియో అది. దాని పక్కన నేను 'ఆసక్తి క్రమంగా పెరుగుతోంది' అని రాశాను. నా చేతులు విరిచెయ్యాలి. ఇంటికి వెళ్లాక అన్నం సయించేది కాదు, అయినా గురువారం రాగానే మళ్లీ నోట్‌బుక్కు పట్టుకుని బయల్దేరేదాన్ని.

చివరికి చదివి వినిపించే రోజు వచ్చింది. గల్లీలో అందరికంటే పెద్ద గది ఉన్న ఇంట్లో ఆడవాళ్లంతా కూర్చున్నారు. నా తెలుగు పెద్దవాళ్లకు అర్థం కాదని, ఆ ఇంటి కోడలు నేను చదివిన ఒక్కో వాక్యాన్నీ ఉర్దూలో చెబుతోంది. నాలుగో నంబరు ఇంట్లో మగవాళ్లు వార్తలు చూసి లొల్లి చేస్తారని చదివితే పకపకా నవ్వారు. "ఆంధ్ర పిల్ల మస్తు రాసింది" అని ఒకావిడ నా వీపు తట్టింది. నేను పొంగిపోయాను.

ఆ పొంగులోనే తొమ్మిదో నంబరు తీశాను. నా పరిశోధనలో అన్నిటికంటే గొప్ప సంగతి అదే అనుకున్నాను, దాచుకోబుద్ధి కాలేదు. పేరు లేదు కదా, ఏమవుతుంది? "కూతురు మూడింటికి కంప్యూటర్ క్లాసుకు వెళ్లాక, ఒక నడివయసు గృహిణి శబ్దం లేకుండా డాక్టర్ల వీడియోలు చూస్తుంది. రొమ్ములో గడ్డ గురించి..."

కోడలు సగం ఉర్దూలో చెప్పి ఆగిపోయింది. నేను తలెత్తి చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. ఖాలా దుపట్టా తలమీదికి లాక్కుని, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన" అంటూ లేచి వెళ్లిపోయింది.

పెళ్లికొడుకు మేనత్త గోడ పక్కన కూర్చుని ఉంది. ఆమె అక్కడ ఉందని నాకు తెలుసు. తెలిసే చదివాను.

"ఏ ఇల్లు అది?" అని అడిగింది.

"చెప్పకూడదండీ. పేర్లు రాయలేదు."

"చెప్పకు. మూడింటికి క్లాసుకు పోయే పిల్ల గీ గల్లీల ఒక్కతే." ఆమె కోపంగా కూడా అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. గల్లీలో పేరెందుకు? ఎవరింట్లో ఎప్పుడు కుక్కర్ కూస్తుందో అందరికీ తెలిసిన చోటుకు నేను నంబర్లు పట్టుకుని వెళ్లాను, తెలివి తక్కువదాన్ని.

రెండు రోజులకు శాదీ ఇప్పుడే వద్దని పెళ్లికొడుకు తరఫు నుంచి కబురు వచ్చిందట. ఆ సంగతి నాకు కోడలు ఫోన్ చేసి చెప్పింది. నా పుట్టి మునిగింది, ఇక ఆ గల్లీ మొహం చూడలేను అనుకున్నాను. అంతకంటే పెద్దది ఇంకేదో వస్తుందని లోపల తెలుస్తూనే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేదాన్ని.

వారం తిరక్కముందే ఖాలా భర్త అడ్రసు కనుక్కుని సంతోష్‌నగర్‌లో మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టున్నాడు.

"దవాఖానల చేర్చిన బేటా. గడ్డ ఎన్ని దినాల సంది ఉన్నదని డాక్టర్ అడుగుతుండు. ఆమె ఒకసారి పది దినాలంటది, ఒకసారి నెల అంటది. నీకు సరిగ్గ చెప్పిందంట."

శాదీ చెడగొట్టినందుకు తిడతాడని సిద్ధపడి ఉన్నాను. దీనికి సిద్ధంగా లేను. అయినా అబద్ధం ఆడలేకపోయాను.

"నాకు చెప్పి ఏడు వారాలైంది" అన్నాను.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. అరవలేదు. నా మొహంలోకి చూసి, "ఏడు వారాలు మా ఇంట్ల చాయ్ తాగి పోయినవా బేటా?" అన్నాడు.