అచ్యుతరావు గారి లోడు పరీక్ష

అచ్యుతరావు గారికి మనుషులు కిలోల్లో కనిపిస్తారు. తూనికలు కొలతల శాఖ ఆయన్ని రిటైర్ చేసి వదిలేసింది గానీ, ఆయన మాత్రం శాఖను వదల్లేదు. మధురానగర్‌లో ఆయన ఎదురుపడితే నమస్కారం కంటే ముందు తూకం వస్తుంది. "ఏంటి సార్, డెబ్బై మూడు దాటినట్టున్నారు?" అంటారు. కాదని వాదించినవాళ్ళు మందుల షాపు ముందున్న మిషనెక్కి, మొహం వేలాడేసుకుని దిగడమే. ఒక పెళ్ళిలో అక్షింతలు వేస్తూ, "ఇద్దరూ కలిసి నూట ఇరవై ఆరు, చక్కగా ఉన్నారు" అని దీవించారు. ఆ పెళ్ళికూతురు ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు.

కాలనీలో ఎవరు సెకండ్‌హ్యాండ్ కారు కొన్నా ఆయన్ని తీసుకెళ్ళాల్సిందే. తీసుకెళ్ళకపోయినా వస్తారు. ఖాళీ కారు నిజం చెప్పదని ఆయన సిద్ధాంతం. నిండా మనుషుల్ని ఎక్కించి, ఏసీ వేసి, పంజగుట్ట ఫ్లైఓవర్ ఎక్కిస్తేనే ఇంజను గుట్టు బయటపడుతుందంటారు.

ఆయన ఉండే బిల్డింగు కింది షట్టర్‌లోనే శివరాములు కుట్టు దుకాణం. సీరియళ్ళకి డ్రెస్సులు కుడతాడు. తెల్లారేసరికి మూటలు షూటింగుకి చేరాలి. ఆటోలో పోతూ వానకి పట్టుచీరలు తడిస్తే, "ఇంకొక్కసారి తడిస్తే వేరే టైలర్ని చూసుకుంటం" అని సీరియల్ మేనేజర్ తేల్చి చెప్పాడు. శివరాములు పాడిన చిట్టీ ఒక్క చిన్న పెట్రోలు కారుకే సరిపోతుంది. ఆ కారు కాస్తా రిపేర్లకీ పెట్రోలుకీ సంపాదనంతా మింగేసిందా, దుకాణం మూసుకోవడమే. అందుకే భయపడుతూనే అచ్యుతరావు గారిని వెంటబెట్టుకుని అమీర్‌పేటలో ఓంప్రకాష్ కార్ల షాపుకి వెళ్ళాడు.

"గీ తెల్లబండి చూడన్నా, పువ్వు లెక్కుంటది. డాక్టర్ సాబ్ ఒక్కడే నడిపిండు," అన్నాడు ఓంప్రకాష్.

"ఒక్కడే నడిపితే ఏం తెలుస్తుంది? మీరు తొంభై రెండు. వెనక ఎక్కండి," అన్నారు అచ్యుతరావు గారు.

"ఎనభై అయిదే సార్!"

"బెల్టు బిగిస్తే తూకం తగ్గదు బాబూ. నేను అరవై నాలుగు, శివరాములు డెబ్బై ఒకటి. ఇంకా యాభై ఎనిమిది తక్కువైంది. దారిలో ఎక్కిద్దాం."

ఆ యాభై ఎనిమిది పేరు కమలకుమారి గారు. అదే బిల్డింగులో మొదటి అంతస్తులో ఉంటారు. రిటైరైన లెక్కల టీచరు, ఈమధ్యే మోకాలి ఆపరేషనైంది. గంజి పెట్టిన చీర కట్టుకుని గేటు దగ్గరే సిద్ధంగా ఉన్నారు. "నేను లేనిదే కారు సంగతి తేలదటగా!" అంటూ దర్జాగా ముందు సీట్లో కూర్చున్నారు.

శివరాములు స్టీరింగు పట్టాడు. ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి తెల్లకారు మూలుగు మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. బైకు మీద వస్తున్నాయన ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు.

"ఇంజనాయిల్ తాగేస్తోంది శివరాములూ. పెట్రోలుతోపాటు దీనికి అదీ పొయ్యాలి."

"మనుషులను దించుండ్రి సార్, మంచిగ పోతది," అన్నాడు ఓంప్రకాష్.

"మనుషులు ఎక్కకపోతే కారెందుకయ్యా?"

అయినా ఆయన అంతటితో వదల్లేదు. ఇంజను వేడి మీద ఆపి, అరగంటాగి మళ్ళీ స్టార్ట్ చేసి చూడాలని ఒక ఫిజియోథెరపీ క్లినిక్ ముందు ఆపించారు. కమలకుమారి గారు లోపలికెళ్ళి వచ్చాక, కారు దగ్గి దగ్గి కదిలింది. అంత పొగ చూశాక ఇంకా పరీక్షెందుకో శివరాములుకి అర్థం కాలేదు.

రెండు రోజుల తర్వాత ఎర్రకారు. అదే లోడు, అదే ఫ్లైఓవర్. మూలగకుండా మూడో గేరులోనే ఎక్కేసింది. శివరాములు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఓంప్రకాష్ ఫోను మోగింది. "అన్నా, షాపుల వేరే గిరాకి గీ బండికోసమే పైసలు పట్టుకొని కూసున్నడట. జల్దీ చెప్పు."

అచ్యుతరావు గారు మళ్ళీ అదే క్లినిక్ ముందు ఆపించారు. "అరగంట," అన్నారు. కమలకుమారి గారు దిగి లోపలికి వెళ్ళారు. అద్దాల తలుపులోంచి చూస్తే ఆమె కాలు ఎత్తుతూ దించుతూ కనిపించారు. శివరాములుకి అంతా అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది.

"సార్, గిది కారు పరీక్షనా, అమ్మకు దవాఖాననా? బండి చేజారితే నా బతుకేం గావాలె? సీదా చెప్తే నేనే ఆటోల తోల్కపోకపోదునా?"

అచ్యుతరావు గారు ఈసారి అంకెల్లేకుండా మాట్లాడారు. "ఆటో తెచ్చానయ్యా. వెనక్కి పంపేశారు. ఎవర్నీ ఇబ్బంది పెట్టనంటారు. వ్యాయామం లేక మోకాలు బిగుసుకుపోతోంది. చివరికి, 'మీరు రాకపోతే శివరాములు మునిగిపోతాడండీ' అన్నాను. మరుక్షణం చెప్పులేసుకున్నారు."

శివరాములు కోపం చప్పున చల్లారింది. కాస్త సిగ్గు కూడా వేసింది. "మరి బండి చేజారితే?"

"అమ్మేవాడు నీ వెనక సీట్లోనే ఉన్నాడుగా, ఇంకెవరికి అమ్ముతాడు?"

ఓంప్రకాష్ అప్పటికే తలుపు తీస్తున్నాడు.

"దిగకండి! తొంభై రెండు తగ్గితే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది!"

"ఎనభై అయిదు!" అని అరిచి, ఓంప్రకాష్ తలుపేసుకున్నాడు.

కమలకుమారి గారొచ్చి కూర్చున్నాక తాళం తిప్పితే, ఎర్రకారు ఒక్క పిలుపుకే పలికింది. ఆ సాయంత్రమే బేరం కుదిరింది. తర్వాతి వానలో మూటలు చుక్క తడవకుండా చేరాయి. పెట్రోలు కూడా పొదుపుగానే తాగుతోంది. మేనేజర్ ఇంకో సీరియల్ పని కూడా ఇచ్చాడు.

కారు కొన్న తర్వాతి సోమవారం ఉదయం కమలకుమారి గారు గంజి చీరలో మెట్లు దిగి వచ్చారు. "ఇవాళ బండేదీ లేదా అచ్యుతరావు గారూ?"

"కారు కొనేశాడండీ," అన్నారాయన నీరసంగా. ఆమె మొహం చిన్నబోయింది. రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగారు.

శివరాములు కత్తెర బల్ల మీద పడేసి బయటికొచ్చాడు. "అమ్మా, జర ఆగుండ్రి! సార్, నిన్నటిసంది బండి లోడు మీద గుంజుతలేదు. మల్ల చూడాలె."

అచ్యుతరావు గారు గబుక్కున అతని వైపు తిరిగారు. మొహంలో వెలుగొచ్చింది. వెంటనే దాన్ని దాచుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. "నేననుకుంటూనే ఉన్నా. ఎంత కావాలి?"

"యాభై ఎనిమిది కిలోలు, సార్."

"యాభై తొమ్మిది," అని దిద్దారు కమలకుమారి గారు, అప్పటికే ముందు సీటు తలుపు తీస్తూ. "నిన్న గారెలు తిన్నాను."